ధ్యాన పుస్తకం చదవని రోజు కీడు జరుగుతుందా?

నువ్వు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థమైందో లేదో నువ్వే చూసుకో. రుషికొండలో నైట్ షిఫ్ట్. పొద్దున్న 6:30కి క్యాబ్ దిగి ఇంట్లోకి వచ్చేసరికి అత్తగారి కుటుంబ ప్రార్థన అయిపోయి ఉంటుంది. జనవరి 1న మొదలుపెట్టిన, రోజుకో బైబిల్ వాక్యం, దాని కింద చిన్న కథ ఉండే అనుదిన ధ్యానాల పుస్తకం 47 పేజీలు వెనకబడిపోయింది, మూడు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే వాగ్దానాలు, అంటే ఆ రోజుకని పంపే వాక్యాలు మాత్రం చూస్తున్నావు. మొన్న పుస్తకం తెరవని రోజే మధురవాడ దగ్గర స్కూటీ జారి పడ్డావు కాబట్టి, చదవనందుకే పడ్డానేమో అన్న భయం పట్టుకుంది. దాంతోపాటు ఇంకో ప్రశ్న, రోజుకో పేజీ చదివితే బైబిల్ చదివినట్టేనా అని. నా పెద్దమ్మాయి వయసుంటుంది కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

స్కూటీకీ ఆ పేజీకీ ఏ సంబంధమూ లేదమ్మా. వానాకాలం, బురద రోడ్డు, రాత్రంతా నిద్ర లేదు. కారణం అక్కడే ఉంది.

నేను పాస్టర్ని కాదు. స్టీల్ ప్లాంట్‌లో 31 ఏళ్ళు ఎ, బి, సి షిఫ్టులు మార్చి మార్చి పనిచేసి రిటైరైనవాణ్ణి, గాజువాక వైపు మా సంఘంలో 20 ఏళ్ళ పైనుంచి పెద్దవాళ్ళ బైబిల్ క్లాసు తీసుకుంటున్నాను. ఆ క్లాసులో నాకు ఎక్కువగా కనిపించింది నీలాంటి భయమే. పొద్దున్నే పేపర్లో రాశిఫలాలు చూసుకునేవాళ్ళని మనం మనసులో కొంచెం తక్కువగా చూస్తాం కదా, మరి మనం చేస్తున్నదేమిటి? ఈ రోజు పేజీలో 'భయపడకుము' అని వచ్చింది, అంటే ఇవాళ ఏదో ఉంది. 'నీ ద్వారములు తెరుతును' అని వచ్చింది, ఇంటర్వ్యూ పాసైపోయినట్టే. చదవలేదు, ఇక రోజు చెడింది. బొమ్మ మారింది కానీ చూసే పద్ధతి అదే. ఆ పుస్తకం రాసినవాళ్ళకి నీకు ఇవాళ ఇంటర్వ్యూ ఉందని తెలియదు, ఆ పేజీ రెండేళ్ళ కిందటే ప్రెస్సుకి వెళ్ళి ఉంటుంది. దేవుడు దాని ద్వారా మాట్లాడడా అంటే మాట్లాడతాడు, నాకు అనుభవం ఉంది. కానీ ఆయన మాట్లాడటం వేరు, మనం చీటీ తీసినట్టు పేజీ తీసి అర్థం లాగడం వేరు.

చీటీ అంటే గుర్తొచ్చింది. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో మనం వాగ్దానం కార్డు తీస్తాం కదా, ఏడాదంతా దాన్ని బీరువా తలుపుకి అంటించుకుంటాం. ఇలాంటి అలవాటుకి చాలా పాత చరిత్ర ఉంది. జర్మనీలో హెర్న్‌హుట్ అనే ఊళ్ళో మొరేవియన్ విశ్వాసులు ఉండేవాళ్ళు, వాళ్ళ నాయకుడు జిన్జెన్‌డార్ఫ్ 1728లో ప్రతి రోజుకూ ఒక వాక్యం ఇచ్చే పద్ధతి మొదలుపెట్టాడు, అది 1731 నుంచి ఏటేటా పుస్తకంగా అచ్చవుతోంది. ఇప్పటికీ పాత నిబంధన వాక్యాన్ని చీటీ వేసే తీస్తారు. కానీ అక్కడితో వదలరు. దానికి తగిన కొత్త నిబంధన వాక్యాన్ని కూర్చుని వెతికి పక్కన పెడతారు. పైగా ఆ వాక్యం ఎవరికి వారు దాచుకునేది కాదు, ఊరంతా ఆ రోజు దాని మీదే మాట్లాడుకునేవాళ్ళు, పాడుకునేవాళ్ళు. మన కార్డు మాత్రం బీరువా తలుపు దాటి రాదు.

ఇక నా సంగతి చెప్తాను, నవ్వుకో. 90ల్లో నాకు ఒక పిచ్చి ఉండేది, పుస్తకంలో చదివిన ప్రతి పేజీ మూలా పెన్సిల్‌తో టిక్కు పెట్టడం. ఏడాదికి పైగా ఒక్క టిక్కూ తప్పలేదు, క్లాసులో ఆ మాట గొప్పగా చెప్పుకున్నాను కూడా. అప్పుడు మా వీధిలో కుళాయి పొద్దున్న ఒక గంటే వచ్చేది. ఒకరోజు సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, దిగి వచ్చి, మా ఆవిడ చంటిపిల్లని చంకనేసుకుని బిందెలు మోస్తుంటే, నేను వరండాలో కుర్చీ వేసుకుని 'ధ్యానంలో' ఉన్నాను. ఆవిడ నాలుగో బిందె దించి, చెంగుతో మొహం తుడుచుకుని, "ఏటి చదివారేటి ఇప్పటిదాకా, నాకూ చెప్పండి" అంది. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది. నేను పుస్తకం మూసి ఉన్నాను, టిక్కు కూడా పెట్టేశాను. ఒక్క ముక్క గుర్తులేదు. వాక్యం ఏ గ్రంథంలోదో కూడా గుర్తులేదు. లేచి బిందె అందుకున్నాను, ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు కానీ నేను మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

ఈ టిక్కుల రోగం నాకొక్కడికే కాదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. స్కాట్లాండ్‌లో రాబర్ట్ మర్రే మెక్‌షేన్ అని ఒక యువ పాస్టర్ ఉండేవాడు, 29 ఏళ్ళకే చనిపోయాడు. పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు ఏడాదిలో పూర్తయ్యేలా 1842లో తన సంఘానికి ఒక పట్టిక తయారుచేసిచ్చాడు, నేటికీ చాలామంది దాన్నే వాడతారు. తమాషా ఏమిటంటే పట్టికతో పాటే దాని ప్రమాదాలు కూడా ఆయనే రాసిచ్చాడు. ఆచారంగా మారిపోతుంది, చదివేశానన్న స్వనీతి వస్తుంది, అజాగ్రత్తగా చదివేస్తారు, కొందరికి మోయలేని కాడి అవుతుంది అని. నాలుగోది నీది, రెండోది నాది.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకి వస్తాను. పేజీ చదివితే బైబిల్ చదివినట్టు కాదు. ఆ పేజీ ఎవరో నమిలి ఇచ్చిన ముద్ద. పసిపిల్లలకి, జబ్బులో ఉన్నవాళ్ళకి అదే కావాలి, అందులో తప్పేమీ లేదు. కానీ పళ్ళొచ్చాక కూడా అదే తింటూ ఉంటే నమలడం ఎప్పుడు వస్తుంది? నా దృష్టిలో అనుదిన ధ్యానం పుస్తకానికి ఉన్న పని ఒకటే, నీ చేత బైబిల్ తెరిపించడం. తెరిపిస్తే మంచి పుస్తకం. అది ఉంది కదా అని బైబిల్ తెరవకుండా రోజు గడిచిపోతుంటే, ఎంత తియ్యగా రాసినా నీకు పనికిరాదు.

దీనికి నేను చేసిన ఇంకో తప్పు చెప్పాలి. ఒక పదేళ్ళ కింద నా స్నేహితుడికి కాంట్రాక్టు ఉద్యోగం పోయింది, ఇంజనీరింగ్ చదివే కూతురు, ఫీజు బకాయి. నేను యిర్మీయా 29:11 బొమ్మ పంపాను, సూర్యోదయం ఫోటో మీద అక్షరాలతో, నీకూ వెయ్యిసార్లు వచ్చి ఉంటుంది, 'సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు' అని. మూడు నెలల తర్వాత సంతలో కనిపించి, "అన్నా, ఆ వాగ్దానం ఎప్పటికి?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. ఇంటికొచ్చి అధ్యాయం మొత్తం చదివాను, సిగ్గేసింది. ఒక్క వాక్యం పైనే ఉంది జవాబు, 10వ వచనంలో, డెబ్బై సంవత్సరాలు అని! బబులోనుకి చెరపట్టుకుపోయినవాళ్ళకి యిర్మీయా రాసిన ఉత్తరం అది. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, ఇప్పట్లో తిరిగి రావడం లేదు అని చెప్పాకే ఆ మంచి మాట వస్తుంది. దానికి ముందు 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అంతా అయిపోతుంది, తిరిగొచ్చేస్తారు అని చెప్తాడు, జనానికి అదే నచ్చి ఉంటుంది. అతనే అబద్ధ ప్రవక్త. నేను 29:11 పంపాననుకున్నాను గానీ, నా స్నేహితుడికి చేరింది మాత్రం హనన్యా మాట.

తర్వాత ఆ అధ్యాయం మొత్తం పట్టుకుని అతని ఇంటికి వెళ్ళాను, ఇద్దరం కూర్చుని చదివాం. ఉద్యోగం వెంటనే రాలేదు. కానీ 'తోటలు నాటుకోండి' దగ్గర ఆగి, అయితే ఈ లోపు ఆటో తోలుకోవచ్చంటావా అన్నాడు. తోలాడు కూడా, రెండేళ్ళు.

అందుకే క్లాసులో నేను ఒకటే పద్ధతి చెప్తాను. పుస్తకం పేజీలో పైన ఉన్న వాక్యం చూడు, కింద ఉన్న కథ ఇప్పుడే చదవకు. బైబిల్ తీసి ఆ వాక్యానికి పైన పది వచనాలు, కింద పది వచనాలు చదువు. ఎవరు ఎవరితో అంటున్నారు, అప్పుడు ఏం జరుగుతోంది, అంతే చూడు. ఆ తర్వాత పుస్తకంలో ఏం రాశారో చదువు. కొన్నిసార్లు భలే రాశాడే అనిపిస్తుంది, కొన్నిసార్లు ఇతను ఆ అధ్యాయం చదివాడా అని అనుమానం వస్తుంది. ఆ అనుమానం వచ్చిందంటే నీకు పళ్ళొస్తున్నాయి. 'నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను' అన్నది పరీక్ష హాల్ టికెట్ల మీద రాసుకుంటారు మన పిల్లలు, దాని పై వచనంలో పౌలు ఆకలితో ఉండటం గురించి మాట్లాడుతున్నాడని ఎంతమందికి తెలుసు?

పాత తెలుగు అర్థం కావట్లేదని రాశావు, నిజమే, 'దివారాత్రము', 'పెందలకడ' లాంటి మాటలు మీ తరానికి కష్టం. వాడుక భాషలో అనువాదాలు ఫోన్లో దొరుకుతున్నాయి, పక్కన పెట్టుకో, తప్పు లేదు. కానీ పాతదాన్ని పైకి చదివి చూడు, కళ్ళతో కాదు, నోటితో. మొదటి కీర్తనలో 'ధ్యానించువాడు' అన్నచోట హెబ్రీలో ఉన్న మాట 'హగా', దానికి అసలు అర్థం గొణగడం, నోట్లో అనుకోవడం. యెషయా గ్రంథంలో వేట మీద కూర్చున్న సింహం గుర్రుమనడానికీ, గువ్వ మూలగడానికీ కూడా అదే మాట వాడారు. ధ్యానం అంటే కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చోవడం అనుకుంటాం కానీ, ఎముక దొరికిన కుక్కని చూస్తే నాకు ఆ మాట బాగా అర్థమవుతుంది. మన విశాఖపట్నంలోనే, 1805లో, లండన్ మిషనరీ సొసైటీ నుంచి వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ తెలుగు నేర్చుకుని సువార్తలు తెనిగించే పనికి కూర్చున్నారు, ఆనందరాయర్ అని క్రీస్తును నమ్మిన బ్రాహ్మణుడు వాళ్ళకి సాయం. 1810 కల్లా ఆ ఇద్దరు మిషనరీలూ చనిపోయారు. డెస్ గ్రాంజెస్ చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. పాత తెలుగు మీద విసుగొచ్చినప్పుడు నేను వన్‌టౌన్ వీధులు తలుచుకుంటాను, ఆ ఎండలో, ఆ ఉక్కలో ఒక్కో మాటకి ఎంతసేపు కొట్టుకున్నారో అని.

హుద్‌హుద్ తుపాను సంగతి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ రోజు ఆరాధన లేదు, మా మేడ మీద రేకులు ఎగిరి ఎవరింట్లో పడ్డాయో తెలియదు. తర్వాత వారం పైన కరెంటు లేదు, ఫోన్లు లేవు, వాగ్దానాలు పంపే గ్రూపులన్నీ మూగబోయాయి. రెండో రోజు సాయంత్రం కొవ్వొత్తి పెట్టుకుని మా వీధిలో నాలుగిళ్ళవాళ్ళం కూర్చున్నాం, నేను అలవాటుగా ఆ తేదీ ధ్యానం తీశాను. ఆర్థిక ఆశీర్వాదం గురించి ఉంది. రెండు లైన్లు చదివి ఆపేశాను, ఆ చీకట్లో అది చదవడానికి నోరు రాలేదు. అప్పుడు 107వ కీర్తన తీశాం, ఓడలెక్కి సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళ భాగం, 23 నుంచి 30 దాకా. అలలకి ఆకాశానికెక్కడం, అగాధానికి దిగడం, తాగినవాళ్ళలా తూలిపోవడం. మా పక్కింటాయన ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద పనిచేసేవాడు, అప్పటికే బోట్లు ఒకదానికొకటి గుద్దుకుని ముక్కలైపోయాయన్న కబురు వచ్చింది. ఆయన విశ్వాసి కాదు, కొవ్వొత్తి ఉందని వచ్చాడు. "ఇది రాసినోడు సముద్రం చూసినోడే" అన్నాడు. మళ్ళీ చదవమన్నాడు.

అప్పటి నుంచి నేను ధ్యాన పుస్తకం కొనేముందు ఒకటి చూస్తాను, అందులో ఏడుపు ఉందా లేదా అని. కీర్తనల్లో మూడో వంతుకు పైగా మొర పెట్టుకునేవే, 88వ కీర్తనైతే చీకటిలోనే మొదలై చీకటిలోనే అయిపోతుంది. ఏడాది 365 పేజీల్లో ఒక్కసారి కూడా అలాంటిది రాలేదంటే, రాసినవాళ్ళు బైబిల్లోంచి మిఠాయిలు ఏరారని అర్థం. నిలబడిన పుస్తకాలు ఎక్కడ పుట్టాయో చూడు. మన ఇళ్ళలో అట్టలు ఊడిపోయి కనిపించే 'ఎడారిలో సెలయేర్లు' ఇంగ్లీషు మూలం 1925లో వచ్చింది, జపాన్‌లో మిషనరీగా పనిచేసి గుండె జబ్బుతో మంచం పట్టిన భర్తకి ఏళ్ళ తరబడి సేవ చేస్తూ కౌమన్ అమ్మగారు ఏరుకున్న మాటలవి. ఆస్వాల్డ్ చాంబర్స్ అయితే తన పేరున్న ధ్యాన పుస్తకాన్ని చూడనే లేదు, 1917లో ఈజిప్టులో సైనికుల మధ్య పనిచేస్తూ చనిపోయాడు. ఆయన ప్రసంగాల్ని భార్య షార్ట్‌హ్యాండ్‌లో రాసిపెట్టుకుని ఉంటే, దాంట్లోంచి పదేళ్ళకి పుస్తకం వచ్చింది.

నైట్ షిఫ్ట్ గురించి. ప్రభువు పెందలకడ, ఇంకా చీకటుండగానే లేచి ప్రార్థించాడని మార్కు 1:35 చూపించి నీ మీద బరువు పెడుతున్నారని రాశావు. అదే ప్రభువు రాత్రంతా ప్రార్థించిన రోజులూ ఉన్నాయి, మిట్టమధ్యాహ్నం బావి దగ్గర అలసి కూర్చున్న రోజూ ఉంది. వేళ గురించి ఆజ్ఞ ఎక్కడా లేదు. నీకు పొద్దున్న అంటే నువ్వు నిద్రలేచిన టైము, అది మధ్యాహ్నం రెండు కావచ్చు. షిఫ్ట్ దిగి వచ్చి కళ్ళు మూతలు పడుతుంటే పుస్తకం పట్టుకోవద్దు, పడుకో. బదరీ చెట్టు కింద చచ్చిపోతానన్న ఏలీయాకి దూత ముందు ఉపదేశం చెయ్యలేదు, రొట్టె పెట్టి, మళ్ళీ పడుకోనిచ్చాడు. సి షిఫ్ట్ వారాల్లో నాకు 134వ కీర్తన ఉండేది, మూడే వచనాలు, రాత్రి వేళ మందిరంలో నిలబడి పనిచేసేవాళ్ళ కోసం రాసింది. క్యాంటీన్‌లో టీ బ్రేక్‌లో నోట్లో అనుకునేవాణ్ణి. నువ్వూ క్యాబ్‌లో అనుకోవచ్చు, ఎవరికీ తెలియదు కూడా.

వాట్సాప్ గ్రూపులు మూడింట్లో రెండు మ్యూట్ చెయ్యి. వాక్యం కింద రిఫరెన్సు లేకుండా వచ్చే బొమ్మల్ని నమ్మకు. 'తనకు తాను సాయం చేసుకునేవాడికే దేవుడు సాయం చేస్తాడు' అన్నది బైబిల్ వాక్యమని మా క్లాసులోనే ఒకరు వాదించారు, ఎక్కడుందో వెతికి తెమ్మన్నాను, ఇంకా వెతుకుతున్నారు. ఆఖర్న ఫోన్‌పే నంబరుండే వాగ్దానాల సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు.

నా స్నేహితుడు ఒకడు జ్ఞానాపురం కతోలికుడు. వాళ్ళకి రోజూ పూజలో చదివే పాఠాలు ముందే నిర్ణయించి ఉంటాయి, ఆదివారం కాని మామూలు రోజుల్లో మొదటి పాఠం రెండేళ్ళకోసారి తిరిగి వస్తుంది, సువార్త మాత్రం ఏటా దాదాపు వరసలో సాగుతుంది. మావాళ్ళు దాన్ని ఆచారం అని కొట్టిపారేస్తారు కానీ, నాకు నచ్చిన వాక్యాలే ఏరుకునే అవకాశం అందులో ఉండదు, అది మనం నేర్చుకోవలసిందే అని నా అభిప్రాయం. ఒక గ్రంథం పట్టుకుని వరసగా వెళ్ళు. మార్కు 16 అధ్యాయాలే, రోజుకి సగం చదివినా నెల కొద్దిగా దాటుతుంది.

అత్తగారితో గొడవ పడకు. ఆవిడ నాలుగింటికి లేచి నీ పేరు కూడా పెట్టి ప్రార్థిస్తోందని నువ్వే రాశావు. వీక్లీ ఆఫ్ రోజున ఆవిడ పక్కన కూర్చుని ఆవిడ చేతే చదివించుకో, ఆ పాత మాటలకి ఆవిడ చెప్పే అర్థాలు ఏ యాప్‌లోనూ ఉండవు.

చివర్లో ఏ పుస్తకం కొనమంటారని అడిగావు. కొనకు. ఉన్నదాన్నే తీసుకో. ఆ 47 పేజీలు బాకీ కాదు, ఇశ్రాయేలీయులు మన్నా దాచుకుంటే తెల్లారేసరికి పురుగు పట్టింది కదా, నిన్నటిది నిన్నతోనే పోయింది. ఈ రోజు తేదీ ఉన్న పేజీ తీయి, పైన ఉన్న వాక్యం ఏ గ్రంథంలోదో చూడు, అక్కడికి వెళ్ళు. కథ తర్వాత చదువుకోవచ్చు. మోకాలి మీద దెబ్బకి టీటీ వేయించుకున్నావో లేదో రాయలేదు.